సమాజ సేవ నుంచి శాసనసభ వరకు: బెంగళూరు తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో తెలుగువారు నలుగురు చేరిన చోట, అది ఉగాది సభ అయినా అపార్ట్‌మెంటు సంఘం సమావేశం అయినా, "ఫలానా ఆయన ఇంత సేవ చేస్తున్నారు కదా, ఎమ్మెల్యేగా నిలబడితే ఏం?" అన్న మాట వస్తూనే ఉంటుంది. ఆ మాట వెంటే ఓటు ఎక్కడ ఉండాలి, డబ్బు ఎంత కావాలి, కన్నడం రాకపోతే ఎలా, గెలిచాక సేవ సాగుతుందా అన్న సందేహాలూ వస్తాయి. అవే సందేహాలు మళ్లీ మళ్లీ రావడం వల్ల, కర్ణాటక చట్టసభల విషయానికే పరిమితమై, ఈ జవాబులను ఒక చోట చేర్చాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నను విడిగా చదువుకోవచ్చు.

## సేవలో ఉన్న దశ

పదేళ్లుగా బస్తీల్లో సేవ చేస్తున్నాను. ఎమ్మెల్యే కావడానికి ఆ అనుభవం చాలదా?

చట్టం సేవానుభవాన్ని అర్హతగా అడగదు, అది లేకపోవడాన్ని అనర్హతగానూ చూడదు. ఓటరు మాత్రం తప్పకుండా చూస్తాడు. అయితే సేవలో మనం సాధారణంగా ఒక మనిషి కష్టాన్ని తీరుస్తాం, ఆసుపత్రి బిల్లుకు చందాలు పోగు చేస్తాం, బడిలో సీటు ఇప్పిస్తాం. శాసనసభ్యుడి పని అదే కష్టం వెయ్యి మందికి ఎందుకు వస్తోందో కనిపెట్టి, దానికి కారణమైన నిబంధననో, కేటాయింపు లేని పద్దునో సభలో పట్టుకోవడం. ఈ రెండో పని చేయగల ఓపిక ఉన్న సేవకుడికి సభలో గొప్ప బలం ఉంటుంది, ఎందుకంటే అధికారి చదివే లెక్క వెనక ఉన్న మనుషులను ఆయన చూసి ఉంటాడు. ఆ ఓపిక లేనివారు సేవలోనే కొనసాగితే సమాజానికి ఎక్కువ మేలని నా అభిప్రాయం.

సేవ చేస్తున్నప్పుడే ఏం నేర్చుకుంటే తరువాత పనికొస్తుంది?

మొదట కన్నడం. తెలుగు చదవగలిగిన వారికి కన్నడ లిపి కొద్ది వారాల్లో పట్టుబడుతుంది. తాలూకా కచేరీలోను, కార్మిక శాఖలోను, వార్డు కార్యాలయంలోను కాగితమంతా కన్నడంలోనే నడుస్తుంది కాబట్టి, మాట్లాడడంతో ఆగిపోకుండా అర్జీ రాయగలిగేంత నేర్చుకోవాలి.

తరువాత రెండు చట్టాలు. 2005 నాటి సమాచార హక్కు చట్టం సంగతి అందరికీ తెలుసు. కర్ణాటకలో 2011లో వచ్చిన సకాల చట్టం గురించి మనవారిలో చాలామందికి తెలియదు. ఆదాయ ధ్రువపత్రం, ఆస్తి ఖాతా మార్పు వంటి సేవలకు ఇన్ని రోజులని గడువు పెట్టి, ఆ గడువు దాటితే పైఅధికారికి అప్పీలు చేసుకునే హక్కును పౌరుడికి ఇచ్చిన చట్టం ఇది.

అన్నిటికంటే ముఖ్యమైనది అర్జీల పుస్తకం. ఎవరు వచ్చారు, ఏ కార్యాలయానికి ఏ తేదీన అర్జీ పెట్టారు, రసీదు సంఖ్య ఎంత, గడువు ఎప్పుడు, ఏమని జవాబు వచ్చింది అన్న వివరాలన్నీ వరుస తప్పకుండా రాసుకోవాలి. నేను సాయం చేసే చోట అలాంటి పుస్తకం ఒకటి ఉంది. ఆదోని నుంచి వచ్చి హెణ్ణూరు వైపు ప్లాస్టరింగు పనిచేసే ఒక కార్మికుడి అర్జీకి ఎదురుగా "90 రోజుల పని ధ్రువపత్రం లేదు, తిరస్కరణ" అని రాసి ఉంటుంది. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో నమోదు కావాలంటే, గడిచిన పన్నెండు నెలల్లో 90 రోజులు పని చేసినట్టు కాగితం చూపాలి. మేస్త్రీ మారినప్పుడల్లా సంతకం పెట్టే మనిషీ మారిపోతే ఆ కాగితం ఎవరిస్తారు? పుట తిప్పితే అదే కారణం, వేరే పేరు. ఆ పక్క పుటలోనూ అదే. ఇన్ని అర్జీలు ఒకే చోట ఆగుతున్నాయని చూపించే ఆ పుటలే రేపు శాసనసభలో అడగదగిన ప్రశ్న అవుతాయి.

ముందు కార్పొరేటర్ కావాలా, నేరుగా అసెంబ్లీకి నిలబడవచ్చా?

నేరుగా నిలబడడానికి చట్టంలో అడ్డు లేదు. కార్పొరేటర్‌గా పనిచేసినవారికి మురుగుకాలువ ఎవరిది, వీధిదీపం ఎవరిది, నీటి పైపు ఎవరిది అన్న విభజన కంఠతా వస్తుంది కాబట్టి ఆ మెట్టు చాలా మంచిది. బెంగళూరులో మాత్రం ఆ మెట్టే కొన్నేళ్లు విరిగిపోయి ఉంది. 2007లో ఏర్పడిన బృహత్ బెంగళూరు మహానగర పాలికెకు 2010లోను, 2015లోను ఎన్నికలు జరిగాయి. 2020 సెప్టెంబరులో ఆ పాలకవర్గం గడువు ముగిశాక ఏళ్ల తరబడి అధికారుల పాలనే సాగింది. 2025లో గ్రేటర్ బెంగళూరు చట్టం అమలులోకి వచ్చి, ఆ ఏడాది సెప్టెంబరులో నగరం ఐదు నగర పాలక సంస్థలుగా మారింది. వార్డులో ఎన్నికైన మనిషి లేని ఆ కాలమంతా చెత్త బండి రాకపోయినా జనం ఎమ్మెల్యే ఇంటికే వెళ్లవలసి వచ్చింది. ఇది నగరానికి మంచిది కాదు. శాసనం చేయవలసిన మనిషి సమయమంతా చెత్త బండికే పోయింది.

మా ట్రస్టు డబ్బుతో, ట్రస్టు పేరుతో ప్రచారం చేసుకోవచ్చా?

చేసుకోకూడదు. ధర్మకార్యాల కోసం నమోదై పన్ను మినహాయింపు పొందుతున్న సంస్థ డబ్బును ఆ కార్యాలకే వాడాలి. దాన్ని ధర్మకర్త సొంత రాజకీయానికి మళ్లిస్తే సంస్థకు ఉన్న మినహాయింపే పోయే ప్రమాదం ఉంది. విదేశీ విరాళాల విషయంలో చట్టం ఇంకా కఠినంగా ఉంటుంది. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం 3వ సెక్షన్ ప్రకారం ఎన్నికల అభ్యర్థి గాని, చట్టసభ సభ్యుడు గాని, రాజకీయ పార్టీ గాని, పార్టీ పదాధికారి గాని విదేశీ విరాళం స్వీకరించరాదు. అమెరికాలో ఉన్న మిత్రులు ప్రేమతోనే పంపుతున్నారని ఉపేక్షించకండి. పంపినవారు అక్కడి పౌరసత్వం తీసుకొని ఉంటే, ఆ సొమ్ము చట్టం దృష్టిలో విదేశీ విరాళమే అవుతుంది. పోటీ చేయాలన్న ఆలోచన గట్టిపడిన రోజునే ట్రస్టు పదవికి రాజీనామా చేసి, లెక్కలు ఆడిట్ చేయించి అప్పగించడం ఉత్తమం.

సేవ నుంచి, ఉద్యమం నుంచి వచ్చి సభలో నిలిచినవాళ్లు నిజంగా ఉన్నారా?

ఉన్నారు. ఇప్పటి శివమొగ్గ జిల్లా సాగర తాలూకాలో 1951లో కాగోడు సత్యాగ్రహం జరిగింది. భూస్వాముల పెత్తనం కింద నలిగిపోయిన కౌలురైతుల పోరాటం అది. ఆ రైతుల పక్షాన నిలిచిన సోషలిస్టు శాంతవేరి గోపాలగౌడ 1952లో శాసనసభకు ఎన్నికయ్యారు, తరువాత 1962లోను, 1967లోను గెలిచారు. కౌలుదారుకు భూమి దక్కాలన్న మాటను సభలో వదలకుండా వినిపించిన ఆయన 1972లో కన్నుమూశారు. ముఖ్యమంత్రి దేవరాజ అరసు ప్రభుత్వం తెచ్చిన భూసంస్కరణలు 1974లో అమలులోకి వచ్చి, దున్నేవాడికి హక్కు కల్పించాయి. పొలంలో మొదలైన మాట చట్టంగా మారడానికి అంతకాలం పట్టింది. చట్టసభలోకి వెళ్లాలనుకునే ప్రతి సేవకుడూ ఈ కాలపరిమాణాన్ని మనసులో ఉంచుకోవాలి.

మన వైపు చూస్తే, గ్రంథాలయోద్యమంలో పనిచేసిన వావిలాల గోపాలకృష్ణయ్య సత్తెనపల్లి నుంచి నాలుగు సార్లు శాసనసభకు ఎన్నికయ్యారు. బెంగళూరుకు దగ్గరలోని గౌరిబిదనూరు ప్రాంతంలో పేద కుటుంబంలో పుట్టి, బసవనగుడి నేషనల్ కళాశాలకు జీవితాన్ని ధారపోసిన డాక్టర్ హెచ్. నరసింహయ్య కర్ణాటక విధాన పరిషత్తులో, అంటే శాసనమండలిలో, సభ్యులుగా ఉన్నారు.

## పోటీకి ముందు

మాది కర్నూలు, ఓటు అక్కడే ఉంది. బెంగళూరులో పోటీ చేయవచ్చా?

ఓటు అక్కడ ఉన్నంతకాలం చేయలేరు. కర్ణాటక విధానసభకు (శాసనసభకు) పోటీ చేసేవారి పేరు కర్ణాటకలోని ఏదో ఒక నియోజకవర్గం ఓటర్ల జాబితాలో ఉండాలి. పోటీ చేసే నియోజకవర్గంలోనే ఉండాలన్న నియమం లేదు. ఓటు యలహంకలో ఉన్నవారు జయనగరలోనూ నిలబడవచ్చు. నివాసం మారినందువల్ల ఓటు మార్చుకోవడానికి 8వ నంబరు ఫారం ఇవ్వాలి. ఊళ్లో ఒక ఓటు, ఇక్కడ ఒక ఓటు ఉంచుకోవడం మనవారిలో మామూలైపోయింది గాని అది చట్టవిరుద్ధం. ఓటర్ల జాబితా కోసం తెలిసి తప్పుడు ప్రకటన ఇచ్చినవారికి ఏడాది వరకు జైలు శిక్ష పడవచ్చు. ప్రజాప్రతినిధి కావాలనుకునేవారు ఊళ్లోని ఓటు రద్దు చేయించుకున్న కాగితాన్ని కూడా భద్రపరచుకోవాలి.

ఆంధ్రప్రదేశ్ ఇచ్చిన ఎస్సీ ధ్రువపత్రం ఉంది. మహదేవపురలో నిలబడవచ్చా?

ఈ ప్రశ్న ఊరికే రాలేదు. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ ప్రాంతాల్లో తెలుగువారు బాగా ఎక్కువ, ఆ ప్రాంతాలు ఉన్న మహదేవపుర నియోజకవర్గం ఎస్సీలకు రిజర్వు అయినది. బెంగళూరు నగర జిల్లాలోని 28 స్థానాల్లో సి.వి. రామన్ నగర్, పులకేశినగర్, ఆనేకల్ కూడా అలాంటివే. రిజర్వుడు స్థానంలో నిలబడేవారు ఈ రాష్ట్రపు ఎస్సీ జాబితా కింద ఎస్సీగా గుర్తింపు పొంది ఉండాలి. ఒకే కులం పేరు రెండు రాష్ట్రాల జాబితాల్లో ఉన్నా, వలస వచ్చిన వ్యక్తికి పుట్టిన రాష్ట్రపు హోదా కొత్త రాష్ట్రంలో వర్తించదని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఆ కేసు కూడా ఆంధ్ర నుంచి బొంబాయికి వలస వెళ్లిన కుటుంబానిదే. ఎస్సీ జాబితాను ప్రకటించిన 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చేనాటికే కుటుంబం ఇక్కడ స్థిరపడి ఉంటే, ఇక్కడి తహశీల్దారు ద్వారా ధ్రువపత్రం పొందే వీలుంటుంది. లేకపోతే జనరల్ స్థానంలో పోటీ చేయవచ్చు, అందుకు అడ్డు లేదు.

వయసు, చదువు, ఉద్యోగం విషయంలో షరతులేమిటి?

విధానసభకు 25 ఏళ్లు, విధాన పరిషత్తుకు 30 ఏళ్లు నిండాలి. చదువు షరతు లేదు. ప్రభుత్వోద్యోగులు ముందుగా ఉద్యోగం వదులుకోవాలి, ఆ రాజీనామా ఆమోదం కూడా పొందాలి. ప్రైవేటు కంపెనీలో పనిచేసేవారిని ఎన్నికల చట్టం ఆపదు గాని, కంపెనీ నియమావళిలో ఏముందో చూసుకోవాలి. రాష్ట్ర ప్రభుత్వంతో సరఫరా ఒప్పందమో, పనుల ఒప్పందమో నడుస్తున్న కాంట్రాక్టరు అనర్హుడవుతాడు.

పేదల ఇళ్ల కోసం ధర్నా చేసినప్పుడు కేసులు పెట్టారు. నామినేషన్ చెల్లుతుందా?

పెండింగులో ఉన్న కేసు వల్ల నామినేషన్ చెల్లకుండా పోదు. దోషిగా తేలి రెండేళ్లు గాని అంతకు మించి గాని శిక్ష పడితే, ఆ శిక్షాకాలంతో పాటు విడుదలయ్యాక మరో ఆరేళ్లు అనర్హత ఉంటుంది. కొన్ని ప్రత్యేక నేరాలకు అంతకంటే తక్కువ శిక్ష పడినా అనర్హత వస్తుంది. నామినేషన్‌తో ఇచ్చే 26వ నంబరు ఫారం అఫిడవిట్‌లో ప్రతి కేసునూ తప్పక చూపాలి, పత్రికల్లోనూ టీవీలోనూ మూడు సార్లు ప్రకటించాలి. ధర్నా కేసు చెప్పుకుంటే చిన్నతనమని దాచేవారు ఉన్నారు. ఎందుకు కూర్చున్నారో జనానికి తెలిసిన ధర్నాను దాచవలసిన అవసరమే లేదు, దాచితేనే చిక్కు.

పార్టీ టికెట్ లేకుండా స్వతంత్రంగా నిలబడడం మంచిదా?

నిలబడడం తేలిక. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఆ నియోజకవర్గం ఓటరు ఒకరు ప్రతిపాదిస్తే చాలు, పార్టీ ఇచ్చే ఎ, బి ఫారాలు జతచేయాలి. స్వతంత్ర అభ్యర్థికి పది మంది ప్రతిపాదకులు కావాలి. డిపాజిట్ అందరికీ 10,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు 5,000. పోలై చెల్లిన ఓట్లలో ఆరో వంతు రాకపోతే డిపాజిట్ గల్లంతవుతుంది.

గెలవడం వేరే సంగతి. ప్రతి పోలింగ్ కేంద్రంలో మన తరఫున కూర్చునే మనిషి ఉండాలి, ఆ మనిషి సాయంత్రం దాకా లేవకూడదు. సేవా సంస్థకు వందల మంది వాలంటీర్లు ఉన్నా, వారిలో చాలామంది రాజకీయం అనగానే వెనక్కి తగ్గుతారు. పార్టీలో చేరితే ఆ యంత్రాంగం దొరుకుతుంది, దానితో పాటు విప్, అంటే సభలో ఇలాగే ఓటేయాలన్న పార్టీ ఆదేశం, కూడా వస్తుంది. చేరేముందు ఆ పార్టీ గత అయిదేళ్లలో సభలో ఏ బిల్లుకు ఎలా ఓటేసిందో చదవండి. టికెట్ ఎవరిస్తారన్న వాకబు కంటే అది ముందు జరగాలి.

ప్రజల ఓటు అవసరం లేకుండా విధాన పరిషత్తుకు వెళ్లే దారి ఉందా?

కర్ణాటక విధాన పరిషత్తులో 75 మంది సభ్యులు ఉంటారు. 25 మందిని ఎమ్మెల్యేలు, 25 మందిని స్థానిక సంస్థల సభ్యులు, ఏడుగురిని పట్టభద్రులు, ఏడుగురిని ఉపాధ్యాయులు ఎన్నుకుంటారు. మిగిలిన 11 మందిని గవర్నరు నామినేట్ చేస్తారు. ఆ నామినేషన్‌కు తగిన రంగాలుగా రాజ్యాంగం 171వ అధికరణం సాహిత్యం, విజ్ఞానం, కళలు, సహకారోద్యమంతో పాటు సమాజ సేవను కూడా పేర్కొంది. ఆచరణలో మంత్రివర్గం పంపిన పేర్లే ఖరారవుతాయి కాబట్టి, రాజకీయ సంబంధం బొత్తిగా లేని సేవకుడికి అది అరుదుగానే దక్కుతుంది.

పట్టభద్రుల స్థానం ఉద్యోగులుగా స్థిరపడిన తెలుగువారికి దగ్గరైన దారి. డిగ్రీ పూర్తయి మూడేళ్లు దాటి ఇక్కడ నివసిస్తున్నవారు 18వ నంబరు ఫారంతో ఓటరుగా చేరవచ్చు. ఈ జాబితాను ప్రతి ఎన్నికకూ కొత్తగా తయారు చేస్తారు, కిందటిసారి పేరు ఉంది కదా అని ఊరుకుంటే ఓటు ఉండదు.

## ఎన్నికల వేళ

ఎంత ఖర్చు పెట్టవచ్చు?

కర్ణాటకలో విధానసభ అభ్యర్థి పరిమితిని 2022 జనవరిలో 40 లక్షల రూపాయలకు పెంచారు. నామినేషన్ వేసిన రోజు నుంచి ఫలితం ప్రకటించిన రోజు వరకు పెట్టిన ఖర్చంతా అందులోకి వస్తుంది. ఎన్నికల కోసం విడిగా బ్యాంకు ఖాతా తెరిచి, అందులో నుంచే చెల్లింపులు చేయాలి. ఇంతకు మించి ఖర్చవుతుందని అందరూ చెప్పుకుంటారు. నేను చెప్పగలిగింది ఒక్కటే, దొంగలెక్కతో మొదలైన పదవి ఆ లెక్క పూడ్చుకోవడంలోనే గడుస్తుంది.

"తెలుగువారంతా తెలుగువారికే ఓటేద్దాం" అని సంఘాల సభల్లో చెప్పవచ్చా?

అభ్యర్థి గాని, ఆయన ఏజెంటు గాని, ఆయన సమ్మతితో మరెవరైనా గాని ఆ మాట చెప్పకూడదు. మతం, జాతి, కులం, సముదాయం, భాష పేరిట ఓటు అడగడం ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ ప్రకారం అవినీతి చర్య. అభ్యర్థి భాషే కాదు, ఓటరు భాషను చూపి అడిగినా తప్పేనని 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మెజారిటీ తీర్పు చెప్పింది. ఓడినవారు 45 రోజుల్లోగా హైకోర్టులో పిటిషన్ వేసి దీన్ని రుజువు చేస్తే ఎన్నిక రద్దవుతుంది, ఆరేళ్ల వరకు అనర్హత కూడా రావచ్చు. తెలుగులో ప్రసంగించడం, తెలుగులో కరపత్రం పంచడం తప్పు కాదు. తెలుగు మాట్లాడే కార్మికుల కాలనీకి నీళ్లు రావడం లేదని చెప్పడమూ తప్పు కాదు. చట్టం సంగతి అలా ఉంచినా, ఈ నగరం కన్నడిగులది, తమిళులది, ఉర్దూ మాట్లాడేవారిది కూడా. ఎమ్మెల్యే వాళ్లందరికీ ప్రతినిధి.

ఎన్నికల సమయంలో సేవా కార్యక్రమాలు ఆపేయాలా?

షెడ్యూలు ప్రకటించిన క్షణం నుంచి ప్రవర్తనా నియమావళి అమలవుతుంది. చీరలు, కుక్కర్లు, బడి సంచులు, ఏ పేరుతో పంచినా ఓటుకు లంచంగా పరిగణిస్తారు. ఏటా జరిగే పంపిణీ అయినా ఆ నెలల్లో ఆపడమే సురక్షితం. డయాలసిస్ రోగికి బండి ఏర్పాటు వంటి ఆగకూడని పనులను అభ్యర్థి పేరు, ఫోటో లేకుండా వేరేవారికి అప్పగించాలి.

## సభలో

నాకు తెలుగు బాగా వచ్చు. సభలో తెలుగులో మాట్లాడవచ్చా?

రాజ్యాంగం 210వ అధికరణం ప్రకారం సభా వ్యవహారాలు రాష్ట్ర అధికార భాషలో గాని, హిందీలో గాని, ఇంగ్లీషులో గాని సాగాలి. ఆ భాషల్లో భావం చెప్పలేని సభ్యుడికి మాతృభాషలో మాట్లాడే అనుమతిని సభాపతి ఇవ్వవచ్చు. అది మినహాయింపు మాత్రమే. కర్ణాటక సభలో చర్చ కన్నడంలో సాగుతుంది, మంత్రి జవాబులోని మెలిక పట్టుకొని వెంటనే అనుబంధ ప్రశ్న వేయాలంటే కన్నడం రావలసిందే.

అసలు సభలో ఎమ్మెల్యే చేసే పని ఏమిటి? టీవీలో గొడవలే కనిపిస్తాయి.

గొడవ టీవీకి ఎక్కుతుంది, పని ఎక్కదు. 224 మంది ఉన్న విధానసభ బెంగళూరులోని విధానసౌధలో సమావేశమవుతుంది, శీతాకాల సమావేశం సాధారణంగా బెళగావిలోని సువర్ణ విధానసౌధలో జరుగుతుంది.

భవన నిర్మాణ కార్మికుల సంగతే తీసుకుందాం. నిర్మాణ వ్యయంపై ఒక శాతం సెస్సు వసూలు చేసి, ఆ డబ్బుతో కార్మికుల సంక్షేమ మండలి నడుస్తుంది. 1996 నాటి కేంద్ర చట్టాలతో ఈ ఏర్పాటు మొదలైంది. ఈ విషయంలో సభ్యుడికి చాలా దారులు ఉన్నాయి. నక్షత్ర గుర్తు వేసిన ప్రశ్న అడిగితే మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి, దానిపై అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. గుర్తు లేని ప్రశ్నకు లిఖితపూర్వక జవాబు వస్తుంది. సెస్సు ఎంత వసూలైంది, ఎంత ఖర్చైంది, ఎన్ని అర్జీలు ఏ కారణంతో తిరస్కరించారు అన్నవి లిఖిత ప్రశ్నలుగానే ముందు అడగాలి. ఆ అంకెలు చేతికి వచ్చాక, వలస కార్మికుడు పని ధ్రువపత్రం ఎవరి దగ్గర తేవాలని మంత్రిని నోటిమాటగా నిలదీయాలి. బడ్జెట్ సమావేశంలో కార్మిక శాఖ పద్దుపై మాట్లాడవచ్చు. ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కాగ్ నివేదికలను పరిశీలించే ప్రజాపద్దుల కమిటీలో చోటు దొరికితే అధికారులను పిలిచి అడగవచ్చు. ప్రైవేటు సభ్యుడిగా సొంత బిల్లు పెట్టవచ్చు. అది గట్టెక్కడం చాలా అరుదు, అయినా చర్చకు వస్తే ప్రభుత్వం దాని మీద వైఖరి చెప్పక తప్పదు.

నా దృష్టిలో లిఖిత ప్రశ్న అన్నిటికంటే విలువైనది, దాన్నే అందరూ చిన్నచూపు చూస్తారు. కెమెరా లేదు, చప్పట్లు లేవు, చేతికి వచ్చేది ఒక కాగితం. ఆ కాగితం మీద ప్రభుత్వం సభకు బాధ్యత వహించి చెప్పిన అంకె ఉంటుంది. సేవా సంస్థ ఏళ్ల తరబడి సమాచార హక్కు కింద తిరిగినా దొరకని లెక్క అలా బయటపడిన సందర్భాలు ఉంటాయి.

పార్టీ ఒకటి చెబితే, నా మనస్సాక్షి మరొకటి చెబితే?

మాట్లాడే స్వేచ్ఛ చాలానే ఉంది, ఓటు విషయంలో లేదు. పార్టీ ఫిరాయింపులను అడ్డుకోవడానికి 1985లో రాజ్యాంగంలో చేర్చిన పదో షెడ్యూలు ప్రకారం విప్‌కు విరుద్ధంగా ఓటేసినా, పార్టీ సభ్యత్వం స్వచ్ఛందంగా వదులుకున్నా సభ్యత్వం పోతుంది. స్వతంత్రంగా గెలిచి తరువాత పార్టీలో చేరినా అంతే. 2019లో కర్ణాటకలో 17 మంది ఎమ్మెల్యేలను సభాపతి అనర్హులుగా ప్రకటించారు. ఆ అనర్హత సరైనదేనని, అయితే వారు ఉప ఎన్నికల్లో పోటీ చేయవచ్చని సుప్రీంకోర్టు ఆ నవంబరులో చెప్పింది. పార్టీ శాసనసభా పక్ష సమావేశంలో, బిల్లు సభకు రాకముందే, వ్యతిరేకతను కాగితం మీద పెట్టడం సేవకుడికి తగిన మార్గం. అక్కడా వినకపోతే రాజీనామా చేసి మళ్లీ ఓటరు దగ్గరికి వెళ్లే హక్కు ఎవరూ తీసేయలేరు.

మంత్రి అయితేనే ఏమైనా చేయగలమా?

మంత్రివర్గం సభ సంఖ్యలో 15 శాతం మించకూడదు, ఆ లెక్కన కర్ణాటకలో ముఖ్యమంత్రితో కలిపి గరిష్ఠంగా 34 మందిని తీసుకుంటున్నారు. కనీసం 190 మంది ఎమ్మెల్యేలు మంత్రులు కారు. మంత్రి సభలో ప్రశ్న అడగరు, జవాబు చెబుతారు. అడిగేవారి పని తక్కువది కాదు.

## నియోజకవర్గంలో

ఎమ్మెల్యే నిధి ఆయన చేతికే ఇస్తారా?

ఇవ్వరు. కర్ణాటకలో శాసనసభ్యుల స్థానిక అభివృద్ధి పథకం కింద ఏడాదికి 2 కోట్ల రూపాయల మేరకు పనులను సిఫారసు చేయవచ్చు. మంజూరు, చెల్లింపు జిల్లాధికారి (కలెక్టరు) ద్వారా జరుగుతాయి. నగరంలోని నియోజకవర్గానికి ఇది చాలా చిన్న మొత్తం. బడిలో మరుగుదొడ్లు, అంగన్‌వాడీకి గది, గ్రంథాలయానికి పైకప్పు వంటి, ఏ శాఖా తనదనుకోని పనులకు దీన్ని వాడితే సార్థకమవుతుంది. స్వాగత ద్వారాలకు వాడితే ఊరికి మిగిలేది ద్వారమే.

సేవ చేసే మనిషి జీతం తీసుకోవచ్చా?

తీసుకోవాలి. 2025 మార్చిలో చేసిన సవరణతో కర్ణాటక ఎమ్మెల్యే నెల జీతం 40 వేల నుంచి 80 వేలకు పెరిగింది, భత్యాలు వేరుగా ఉంటాయి. జీతం వద్దనగలిగేవారు ఆస్తిపరులే అవుతారు. జీతం లేని పదవి ఆస్తిపరుల పదవిగా మారుతుంది. ఏటా జూన్ 30లోగా ఆస్తులు, అప్పుల వివరాలను లోకాయుక్తకు సమర్పించడం కూడా చట్టరీత్యా తప్పనిసరి. ఆ నకలును కార్యాలయం గోడకు అంటించే ఎమ్మెల్యే మీద జనానికి నమ్మకం కుదురుతుంది.

ఎమ్మెల్యే ఉత్తరం ఇస్తే పని అయిపోతుంది కదా, అందరికీ ఇవ్వరెందుకు?

ఉత్తరం చట్టం కాదు, అది సిఫారసే. అర్హత ఉన్న వృద్ధురాలి పింఛను ఉత్తరం లేకుండానే రావాలి. రాకపోతే ఆమెకు ఉత్తరం ఇవ్వడంతో పాటు, ఆ తాలూకాలో ఎన్ని పింఛన్లు ఎన్నాళ్లుగా ఆగాయో తహశీల్దారును అడగాలి. అర్హత లేనివారికి ఇచ్చిన ప్రతి ఉత్తరమూ వరుసలో నిలబడిన మరొకరిని వెనక్కి నెడుతుంది. ఆ మరొకరు మన గదిలోకి రాలేదు కాబట్టి మనకు కనిపించరు. తలుపు తట్టినవారికే సాయం చేసే అలవాటు సేవలో సహజంగా ఏర్పడుతుంది. పదవిలోకి వచ్చాక అదే అలవాటు పక్షపాతంగా మారుతుంది. సేవారంగం నుంచి వచ్చిన మంచి మనుషులు సైతం ఎక్కువగా తడబడేది ఇక్కడే.

## ఫలితం తరువాత

ఓడిపోయాను. చట్టపరంగా చేయవలసిన పనులు ఏమైనా మిగిలి ఉన్నాయా?

ఉన్నాయి. ఫలితం ప్రకటించిన 30 రోజుల్లోగా ఖర్చు లెక్కలు జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి. ఓడినవారికి, డిపాజిట్ పోయినవారికి కూడా ఇది వర్తిస్తుంది. ఇవ్వకపోతే ఎన్నికల సంఘం మూడేళ్ల వరకు అనర్హులుగా ప్రకటించవచ్చు. స్వతంత్రంగా నిలబడిన సేవకులు ఓటమి బాధలో ఈ కాగితం మరచిపోయి, తరువాతి ఎన్నికకు అర్హత పోగొట్టుకోవడం చాలా అన్యాయంగా అనిపిస్తుంది.

పదవీకాలం ముగిసింది, మళ్లీ టికెట్ రాలేదు. చేతిలో ఉన్న అర్జీలను ఏం చేయాలి?

అవి మీ సొత్తు కాదు, అర్జీదారులవి. పెండింగులో ఉన్న ప్రతి అర్జీకి కార్యాలయం పేరు, రసీదు సంఖ్య, ఆఖరి జవాబు తేదీ రాసి జాబితా చేయించండి. ఒక ప్రతిని కొత్త ఎమ్మెల్యే కార్యాలయంలో ఇచ్చి ముద్ర వేయించుకోండి, ఆయన ఏ పార్టీవారైనా సరే. రెండో ప్రతి మీ పాత సేవా సంస్థకు ఇవ్వండి. అర్జీదారులకు ఫోన్ చేసి, ఇకపై ఎక్కడికి వెళ్లాలో, ఏ కాగితం వెంట తీసుకెళ్లాలో చెప్పించండి. సిఫారసు చేసి మంజూరై మొదలుకాని పనులుంటే, ఆ ఉత్తర్వుల నకళ్లు ఆ వీధి సంఘాలకు అందజేయండి. చేతిలో ఉత్తర్వు ఉంటే జిల్లాధికారి కార్యాలయంలో వాళ్లే అడగగలుగుతారు.